నీళ్ళు చదివించిన పెళ్ళి

మొన్న మా అపార్టుమెంటులో మోటారు కాలిపోయింది. మధురవాడలో మా అబ్బాయి కొనుక్కున్న ఫ్లాటు ఇది, ఐదో అంతస్తు. పొద్దున్నే మొహం కడుక్కుందామని తిప్పితే కుళాయి గుర్రుమని గాలి వదిలి ఊరుకుంది. ఇక చూడాలి ఇల్లు. కోడలు ఫోను పట్టుకుని ట్యాంకరు వాణ్ణి బతిమాలుతోంది, అబ్బాయి కిందకీ పైకీ తిరుగుతున్నాడు, తలంటుకుందామని నూనె రాసుకున్న మనవరాలు మొహం మాడ్చుకుని గుమ్మంలో నిలబడింది. ఆ సమయానికి మా ఆడపడుచు పార్వతి మా ఇంట్లోనే ఉంది. కళ్ళు చూపించుకోవడానికి తగరపువలస అవతల నుంచి వచ్చింది. ఇంట్లో అందరూ అలా పరుగులు పెడుతుంటే అది సోఫాలో కాళ్ళు పైకి పెట్టుకుని కూర్చుని తనలో తను నవ్వుకుంటోంది.

"ఏటే నవ్వుతన్నావు?" అన్నాను.

"ఏట్లేదొదినా. ఓ పూట నీళ్ళు రాకపోతే ఈళ్ళకింత గాబరా. మనల్ని కంచరపాలెం కొండ మీద సూసుంటే ఏటైపోదురో."

మనవరాలు ఆ మాట పట్టుకుంది. "మామ్మా, నిజం చెప్పు, అప్పుడు బాగుండేదా, ఇప్పుడు బాగుందా?" అంది. నేను ఆలోచించలేదు. ఇప్పుడే బాగుందన్నాను. మా వయసు వాళ్ళు నలుగురు కలిస్తే ఆ రోజులే వేరు, ఆ మనుషులే వేరు అంటుంటారు. అలా అనేవాళ్ళు నెత్తి మీద బిందె పెట్టుకుని కొండెక్కి ఉండరు. నేను ఎక్కాను కనక నా నోట ఆ మాట రాదు. అయితే ఆ పిల్ల అంతటితో వదల్లేదు, మొత్తం చెప్పమని కూర్చుంది. నాకు సంతకం పెట్టడం వచ్చు, బస్సు మీద ఊరి పేరు కూడబలుక్కుని చదువుతాను, అంతే నా చదువు. నా గొంతు చూస్తే బొంగురు, అరిచినట్టే ఉంటుంది. నేను చెబుతుంటే అది రాస్తోంది. నా యాసని పుస్తకం మాటలోకి మారుస్తానంది. మారిస్తే మార్చు గానీ, మనుషులు అనుకున్న మాటలు అనుకున్నట్టే ఉంచమన్నాను.

నేను సబ్బవరం దగ్గర పల్లె నుంచి ఆ కొండ మీదకి కోడలిగా వచ్చాను. మా ఆయన హార్బరులో కలాసీ. ఓడల నుంచి మూటలు దింపే పని. ఇల్లంటే ఒక గది, ముందు రేకుల వసారా, వెనకాల కొండరాయి. ఇంటికి గోడలు మూడే, నాలుగో గోడ కొండే. వానాకాలంలో ఆ గోడ చెమర్చేది, మేం దాని మీదే పసుపు బొట్లు పెట్టి దేవుడి మూల చేసుకున్నాం. వసారాలో నిలబడితే హార్బరు కనపడేది, క్రేన్లు, ఓడలు, వాటి వెనక సముద్రం. హార్బరు వైపు గాలి తిరిగితే ఎర్రటి ఇనపరాతి దుమ్ము వచ్చి పడేది. బట్టలు ఆరేసే ముందు మా అత్త వసారాలోకి వచ్చి పొగ వదిలి, అది ఎటు పోతుందో చూసి, ఆరెయ్యమనో వద్దనో చెప్పేది. ఆవిడ అడ్డపొగ తాగేది. నిప్పున్న కొస నోట్లో పెట్టుకుని పెదాలు బిగించి పని చేసుకుంటూ పోయేది, చేతులు ఖాళీగా ఉండాలి కదా. కోప్పడాల్సి వస్తే చుట్ట బయటికి తీసేది. అందుకని ఆవిడ చెయ్యి నోటి దగ్గరకి వెళ్ళిందంటే మేం తప్పుకునేవాళ్ళం.

ఇప్పుడు తలుచుకుంటే ముందు వాసనలే వస్తాయి నాకు. కిరసనాయిలు స్టవ్వు, పొద్దున్నే కాచిన చోడిపిండి అంబలి, మధ్యాహ్నం కాల్చిన ఎండు నెత్తళ్ళ చేపలు, మా ఆయన చొక్కాకి పట్టేసిన తడి గోనె వాసన. నీళ్ళకి వాసన ఉండదంటారు. మాకు ఉండేది. కొండ కింద రైలుకట్ట పక్కన వీధికంతటికీ ఒకటే కుళాయి. నీళ్ళు వచ్చే ముందు అందులోంచి తుప్పు వాసనతో గాలి వచ్చేది. ఆ వాసన రాగానే వరసలో కూర్చుని కునికే ఆడవాళ్ళంతా ఒక్కసారి లేచి నిలబడేవాళ్ళు.

ఆ కుళాయి రోజు విడిచి రోజు, తెల్లవారకుండా వచ్చేది, సూర్యుడు పైకి రాకముందే ఆగిపోయేది. నేను కాపరానికి వచ్చిన కొత్తలో వరస పొట్టిగా ఉండేది. తర్వాత గాజువాక అవతల ఉక్కు ఫ్యాక్టరీ వస్తోందన్నారు. శ్రీకాకుళం నుంచి, విజయనగరం నుంచి, గోదావరి నుంచి జనం దిగిపోయారు. మా కొండ మీద మేకలు తిరిగిన చోటల్లా గుడిసెలు లేచాయి. ఊరు పెరిగింది, వరస పెరిగింది, కుళాయి మాత్రం అదే కుళాయి. బిందె పెట్టే చోటు లేక రాళ్ళు పెట్టేవాళ్ళం, ఎవరి రాయి వాళ్ళకి గుర్తు. ఆ రాళ్ళకీ మనుషులకీ పైడమ్మ పెద్ద. ఆమెని ఎవరూ పెద్దని చెయ్యలేదు, ఆమె గొంతే చేసింది. కొండ కింద నుంచి పిలిస్తే పై గుడిసెలో నిద్రపోయేవాడు లేచేవాడు. ఇంటికి ఇన్ని బిందెలని పైడమ్మ చెబితే అన్నే. చుట్టాలొచ్చినా అన్నే, జ్వరమొచ్చినా అన్నే. తిట్టుకునేవాళ్ళం గానీ, ఆమె లేకపోతే తలలు పగిలేవని అందరికీ తెలుసు.

మా అత్తకీ పైడమ్మకీ మాటల్లేవు. ఎందుకంటే ఒక రోజు వరసలో తోపులాట అయి మా అత్త మోకాలు తగిలి పైడమ్మ ఇత్తడి బిందె దొర్లింది. దొర్లింది దొర్లినట్టు ఖణేల్ ఖణేల్మంటూ రైలుకట్ట దాకా పోయింది. గూడ్సు బండి మీద గార్డు కూడా తొంగి చూసి నవ్వాడు. వీధంతా నవ్వింది. పైడమ్మ ఆ బిందెని తెచ్చుకుని సొట్ట తడుముకుంటూ, "పుట్టింటోళ్ళు పెట్టిన బిందిది, ముసిల్దానా" అంది. మా అత్త చుట్ట బయటికి తీసి, "మీ పుట్టింటోళ్ళు గట్టి బిందే పెట్టినారే, అంత దూరం దొర్లినా సిల్లు పడలేదు" అంది. అంతే. ఆ తర్వాత ఇద్దరూ ఒకే వరసలో నిలబడి ఒకరినొకరు చూడకుండా ఏళ్ళు గడిపారు.

నీళ్ళు మోసేది నేనూ పార్వతీ. మా అత్తకి మోకాళ్ళు పట్టేశాయి. చుట్టకుదురు మీద ఒక బిందె, చంకలో ఒక బిందె, ఆ మెట్ల మీద, మెట్లంటే మెట్లు కాదు, కాళ్ళు పడీ పడీ అరిగిన రాళ్ళు. ఇప్పటికీ నా నడినెత్తిన జుట్టు పలచగానే ఉంటుంది. వయసుకి ఊడిందనుకుంటుంది కోడలు, అది బిందె కూర్చున్న చోటు. పార్వతి సన్నంగా ఉండేది, మధ్యలో రెండు చోట్ల ఆగేది. ఆగినప్పుడల్లా ఒకటే మాట చెప్పేది.

"ఒదినా, అన్నయ్యతో సెప్పవా. నాకు ఉద్యోగస్తుడొద్దు, పట్నమొద్దు. ఇంటెనకాల నుయ్యున్నోడికి ఇమ్మను. నుయ్యీ, తాడూ, సేదా. అంతే సాలు."

"మొగుడు ఎలాగున్నా పరవాలేదేటి?"

"నుయ్యుంటే ఎలాగున్నా సర్దుకుంటాను" అనేది. నవ్వుతూనే అనేది, కళ్ళలో మాత్రం నవ్వుండేది కాదు.

అలాంటి సంబంధమే వచ్చింది. తగరపువలస అవతల, ఏటికి దగ్గర పల్లె. కాపుదనం, అంటే సేద్యం చేసుకునే ఇల్లు, ఇంటి వెనకాల నుయ్యి, నూతి గట్టు మీద అరటి బోదెలు. పెళ్ళికొడుకు తండ్రి సూరన్న. పొడుగ్గా, తలపాగా చుట్టుకుని, మాట తక్కువగా ఉండే మనిషి. మేం మాట్లాడుకోవడానికి వెళితే ముందే ఒక మాట చెప్పేశాడు. "మీకు లేమి ఉంటే ఉండనీ, అది తప్పు కాదు. లేనిది ఉందని మాత్రం నాతో సెప్పకండి. మా పెద్దోడి పెళ్ళిలో అలాగే సెప్పినారు, ఇప్పటికీ ఆళ్ళ గుమ్మం తొక్కలేదు నాను." మా ఆయన సరే సరే అన్నాడు. అన్నాడా, ఇంకో గంటకి భోజనాలయ్యాయి, నూతి దగ్గర చేతులు కడుక్కుంటున్నారు, సూరన్న చేద తోడి మా ఆయన చేతిలో నీళ్ళు పోస్తున్నాడు. ఆ నీళ్ళు అలా పోతుంటే మా ఆయనకి ఏమనిపించిందో ఏమో.

"మా పట్నంలో ఈ నీళ్ళు తోడుకోవడాలు లేవు మావా. కుళాయి తిప్పితే సాలు, నీళ్ళు అలగొచ్చీత్తాయి."

"ఎప్పుడు తిప్పినా?"

"ఎప్పుడు తిప్పినా."

అరటి బోదెల వెనక నిలబడి ఈ మాట విన్నాను నేను. దారిలో బస్సులో, "అదేటి అలగన్నావు?" అని అడిగాను. కిటికీలోంచి బయటికి చూస్తూ, "మరేటనమంటావు? పిల్లనిచ్చే కాడ మన ఎండిపోన గొంతులు సూపించుకుంటామేటి?" అన్నాడు. ఆయన అబద్ధాలాడే మనిషి కాదు. మంచి మనిషి. ఆ ఒక్కసారే, అది కూడా చెల్లెలి మీద ప్రేమతో, నోరు జారింది. నూతి దగ్గర ఆ మాట విన్నాకే సూరన్న ఇంకో మాట అన్నాడు. వాళ్ళలో పెళ్ళి మగపెళ్ళివారింట చేస్తారు. "అలగైతే పెళ్ళి మీ కాడే సేద్దాం. మా ఊరోళ్ళు సముద్రం సూసినట్టుంటాది" అన్నాడు.

ఆ ఎండాకాలం ఎలాంటిదంటే, కొండ మీద ముళ్ళచెట్లు కూడా తెల్లబోయాయి. కుళాయి సన్నబడింది. పెళ్ళికి నీళ్ళెక్కువ కావాలని నేను వెళ్ళి పైడమ్మని అడిగాను. మా అత్త అడగదు కదా. "పెళ్ళైతే ఏటమ్మా, వరస వరసే. ఇయాళ మీకిత్తే రేపు పురుడోళ్ళడుగుతారు, ఎల్లుండి సావోళ్ళడుగుతారు" అంది పైడమ్మ. ఆమె చెప్పింది న్యాయమే. అందుకని నేనూ పార్వతీ మా వంతు నీళ్ళలోనే మిగుల్చుకుంటూ వచ్చాం. స్నానాలు తగ్గించాం, అంట్లు బూడిదతో తోమి తుడిచేశాం. మా ఆయన హార్బరు నుంచి వచ్చేటప్పుడు సైకిలుకి రెండు డబ్బాలు కట్టుకుని తెచ్చేవాడు. పెళ్ళికూతురు తన పెళ్ళి నీళ్ళు తనే మోసుకుంది. వసారా పక్కన రెండు పెద్ద డ్రమ్ములు నిండాయి. దుమ్ము పడకుండా పాత చీర ఉతికి వాటి మూతికి కట్టాను. ఆ నీళ్ళతోనే పెళ్ళికూతురి మంగళస్నానం, వంట, తాగడానికి, చేతులు కడుక్కోవడానికి. అన్నిటికీ లెక్కగా సరిపోతాయి.

పగటి ముహూర్తం. ఆ రోజు కుళాయి రాని రోజు. పొద్దున్నే లారీ మీద మగపెళ్ళివారు దిగారు. మట్టి రోడ్ల మీద వచ్చారు కదా, మనుషులంతా ఒకటే రంగులో ఉన్నారు. తలల్లో దుమ్ము, మీసాల్లో దుమ్ము. ఊళ్ళో ఎవరూ స్నానం చేసి రాలేదు. ఎందుకు చేస్తారు, పట్నంలో తిప్పితే వచ్చే నీళ్ళున్నాయని విన్నాక. మా ఆయన పంతుల్ని తేవడానికి వెళ్ళాడు. మా అత్త వియ్యపురాలితో మర్యాదల్లో ఉంది. నేను లోపల పార్వతికి నలుగు పెడుతున్నాను. ఒళ్ళంతా శనగపిండి, పసుపు, నూనె పట్టించి, అది కాస్త ఆరితే నీళ్ళు పోద్దామని బయటికి వచ్చాను.

వచ్చేసరికి మగవాళ్ళంతా డ్రమ్ముల చుట్టూ కూర్చుని చెంబులతో తల మీద నుంచి పోసుకుంటున్నారు. ఒకరి వీపు ఒకరు రుద్దుతున్నారు. పిల్లలు చిందులేస్తున్నారు. నేను కట్టిన చీర పక్కన పడేసి ఉంది. వాళ్ళ తప్పు కాదు. వాళ్ళ ఊళ్ళో తాగే నీళ్ళు, వండే నీళ్ళు ఎప్పటికప్పుడు నూతిలో తోడుకుంటారు. పెరట్లో తొట్టిలో, డ్రమ్ములో నిలవున్నాయంటే అవి ఒళ్ళు కడుక్కోవడానికే. నిలవ నీళ్ళతో అన్నం వండే ఊరొకటి ఉంటుందని వాళ్ళు ఎలా అనుకుంటారు. సబ్బు నురగతో, ఎర్రమట్టితో ఆ నీళ్ళు మా వీధి రాళ్ళ మీద నుంచి కిందకి పారుతున్నాయి. వీధిలో వాళ్ళు గుమ్మాల్లోకి వచ్చి ఊరేగింపు చూసినట్టు చూస్తున్నారు. ఇన్ని నీళ్ళు మా కొండ మీద పారడం వాన కురిస్తే తప్ప ఎవరూ చూడలేదు.

నేను వెళ్ళి మా అత్త చెవిలో చెప్పాను. "అత్తా, నీళ్ళైపోనాయి."

ఆవిడ చెయ్యి నోటి దగ్గరకి వెళ్ళింది గానీ చుట్ట తియ్యలేదు. "ఎసరు పెట్టినారా?" అంది.

"లేదు. పిల్లకి కూడా పొయ్యలేదు. నలుగుతో కూకుంది."

అప్పటికి మా ఆయన పంతుల్ని తీసుకుని వచ్చాడు. డ్రమ్ములోకి చూశాడు. అడుగున ఒక చెంబు నీళ్ళు, అందులో సబ్బు నురగ. అంత బరువులు మోసే మనిషి అక్కడే రాతి మీద కూలబడ్డాడు. "ఆళ్ళకి తెలీకూడదు. తెలిస్తే సూరన్న మావ లారీ ఎక్కీత్తాడు. అబద్దమాడి పిల్లనిచ్చీనారంటాడు. అనకుండా ఉంటాడేటి, ముందే సెప్పినాడు కదా" అన్నాడు. ఆయన గొంతు నాకే వినపడీ వినపడనట్టుంది. లోపలికి వెళితే పార్వతి పీట మీద అలాగే కూర్చుని ఉంది. పిండి ఆరిపోయి ఒళ్ళంతా పగుళ్ళు తీస్తోంది. దానికి ఎవరూ చెప్పలేదు, బయట చెంబుల చప్పుడు విని దానికే తెలిసిపోయింది. "ఒదినా, ఇది తడి గుడ్డతో తుడిసీ. పరవాలేదు" అంది. దాని పెదవులు కదిలితే ఆ పగుళ్ళు కూడా కదిలాయి. దానికి కావలసిన నుయ్యి గుమ్మం దాకా వచ్చి వెనక్కి పోతోందని నాకనిపించింది.

నేను చెంబు పట్టుకుని పక్కింటికి పోదామని బయటికి వచ్చాను. పారిన సబ్బునీళ్ళు ఆమె గుమ్మం దాకా పోయినట్టున్నాయి, అప్పుడే కింద నుంచి పైడమ్మ ఎక్కివస్తోంది. నెత్తి మీద ఆ సొట్ట బిందె. తిన్నగా పందిట్లోకి వచ్చింది, మగపెళ్ళివారి మధ్యలో దించింది, నడుం మీద చేతులు పెట్టుకుని, కుళాయి దగ్గర పిలిచే గొంతుతో పిలిచింది.

"కంచరపాలెం కొండ ఈది, కుళాయి కాడ పైడమ్మ, ఆడబిడ్డ పార్వతి పెళ్ళికి సదివించినవి ఒక బిందె నీళ్ళు."

పెళ్ళిళ్ళలో చదివింపులంటే తెలుసు కదా, ఎవరేమిచ్చారో నలుగురిలో చెప్పడం. పళ్ళెం చదివిస్తారు, పంచె చదివిస్తారు. నీళ్ళు చదివించడం ఎవరూ వినలేదు. మగపెళ్ళివారు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఎవరో కిసుక్కుమన్నారు. పైడమ్మ వాళ్ళని చూడకుండా నా వైపు తిరిగి, "సూత్తావేటి, బేగి అట్టుకెళ్ళి పిల్లకి పొయ్యి" అంది. నేను బిందె ఎత్తుకుంటుంటే వెనకాల ఇంకో బిందె వచ్చింది, దాని వెనకాల ఇంకోటి. ఒక్కొక్కరూ దించుతున్నారు, పైడమ్మ ఒక్కొక్కరి పేరూ పిలుస్తోంది. మా ఎదురింట్లో గోదావరి నుంచి వచ్చిన సుబ్బలక్ష్మిగారని ఒకావిడ ఉండేది, భర్త హార్బరు ఆఫీసులో గుమాస్తా. మడి మనిషి, ఆవిడ బిందె మీద మా నీడ కూడా పడనిచ్చేది కాదు. ఆవిడ కూడా తలుపు తీసుకుని వచ్చి, "మావి కూడా చదివించండి పైడమ్మగారూ. తాగడానికే వాడండేం, మడిగా పట్టుకున్నవండి" అంది. దానికి మాత్రం వీధంతా నవ్వింది.

సూరన్న అప్పుడే తల తుడుచుకుంటూ వచ్చాడు. జుట్టు నుంచి నీళ్ళు కారుతున్నాయి. "ఏటిది? నీళ్ళు సదివిత్తన్నారేటి?" అన్నాడు.

పైడమ్మ దాచలేదు. "మా కుళాయి రోజిడిసి రోజు వత్తాది బాబూ. మీరు పోసుకున్నవి ఈళ్ళు పెళ్ళికని పోగేసుకున్న నీళ్ళు. మీకు తెల్దు, మీ తప్పు కాదు. ఇప్పుడు ఈది పెడతంది. మీరు కూకోండి."

సూరన్న మా ఆయన వైపు తిరిగాడు. "ఏటల్లుడా, ఎప్పుడు తిప్పినా వత్తాయన్నావు?"

మా ఆయన తల ఎత్తలేదు. ఎత్తిన బిందెతో నేను గుమ్మంలోనే ఆగాను. మా అత్త చుట్ట నోట్లోంచి తీసింది. "ఆడన్నది తప్పే అన్నయ్యా. కుళాయి రాదు. మడిసి కుర్రోడు, మీ నూతి కాడ నిలబడితే సిగ్గేసి అనీసినాడు. లేనివి లేవు. ఇదిగో, ఉన్నవి ఇయి" అని వరసగా ఎక్కివస్తున్న ఆడవాళ్ళని చూపించింది.

సూరన్న ఆ వరసని చూశాడు. ఒక ముసలామె చిన్న చెంబే తెచ్చింది, దాని మీద చెయ్యి మూత పెట్టుకుని తెస్తోంది, ఒలికిపోతుందేమోనని. ఆ చెంబుకి కూడా పైడమ్మ పేరు పిలిచింది. అప్పుడు సూరన్న తలపాగా గుడ్డ భుజం మీద వేసుకుని, "ఇన్ని ఇళ్ళోళ్ళు మా ఇంటి పిల్ల, మా ఇంటి పిల్లంటన్నారు. అలాటి పిల్లని ఒగ్గీసి నాను లారీ ఎక్కితే నాకన్నా ఎర్రోడుండడు" అన్నాడు. తర్వాత వాళ్ళ ఊరివాళ్ళ వైపు తిరిగి, "అంత సముద్రం ఎదురుగా ఉంది, నీళ్ళకేటి లోటని పోసీసుకున్నారు కదర్రా. ఇంకెవడైనా సెంబు ముట్టుకుంటే సెయ్యి ఇరిసీత్తాను" అన్నాడు. ఆ రోజు మొదటి బంతి ఎప్పటిలా మగపెళ్ళివారిది కాలేదు. "ముందు ఈదోళ్ళు కూకోవాల. మేం తరవాత" అని ఆయనే పట్టుబట్టాడు. ఆకులు వేసింది ఆయన, పప్పు వడ్డించింది పెళ్ళికొడుకు అన్నలు. మా అత్త చుట్టల కట్టలోంచి ఒకటి తీసి, వెలిగించి, పైడమ్మ చేతిలో పెట్టింది. పైడమ్మ నిప్పున్న కొస నోట్లో పెట్టుకుని ఆకు ముందు కూర్చోబోయి, అన్నం తినాలి కదా అని గుర్తొచ్చి మళ్ళీ తీసి ఇచ్చింది. ఆ రోజు నుంచి ఇద్దరికీ మాటలు కలిశాయి, కలిశాక ఆగలేదు.

పార్వతి ఆ ఇంటికి వెళ్ళింది. నూతి గట్టు మీద కూర్చుని బతికింది. ఇప్పుడు దాని మోకాళ్ళు చూడండి, నా మోకాళ్ళు చూడండి. నాకు అసూయ లేదు, సంతోషం. కొన్నేళ్ళకి మా కొండ మీద ఇళ్ళలోకే కుళాయిలు వచ్చాయి. మొదటి రోజు మా అత్త ఆ కుళాయి పక్కన పీట వేసుకుని పొద్దంతా కూర్చుంది, ఎవరైనా పట్టుకుపోతారేమో అన్నట్టు. మా ఆయన రిటైరయ్యాక పోయాడు. ఈ ఫ్లాటు చూడలేదు. చూసి ఉంటే ప్రతి గదిలో కుళాయీ తిప్పి చూసేవాడు. ఇప్పుడు మనవరాలు తెల్లారేక లేస్తుంది. దాని నడినెత్తిన జుట్టు ఒత్తుగా ఉంది. కోడలు ఉద్యోగానికి వెళుతుంది, వెళ్ళగలుగుతోంది, పొద్దుటి పూటంతా వరసలో పోవడం లేదు కనక. ఒంట్లో బాగోకపోతే అంబులెన్సు గుమ్మంలోకి వస్తుంది. మా రోజుల్లో మనిషిని మంచం మీద మోసి కొండ దించేవాళ్ళం. ఇదంతా బాగుపడటం కాదని ఎవరైనా అంటే నేను ఊరుకోను. ఈ ఊరు నాకు చాలా ఇచ్చింది. ఎర్రదుమ్ము తగ్గలేదు, చేపలు కొనలేకపోతున్నాం, సముద్రం కనపడేచోట మేడలు లేచాయి, అదీ నిజమే. ఇంకొకటి కూడా చెప్పాలి. మోటారు కాలిన రోజు ట్యాంకరు మధ్యాహ్నానికి వచ్చింది. అందాకా మా అంతస్తులో ఏ తలుపూ తెరుచుకోలేదు. ఎదురు ఫ్లాటులో ఎవరో చంటిపిల్ల ఏడుస్తుంటే నీళ్ళున్నాయో లేవో అడుగుదామనుకున్నాను, ఆ పిల్ల తల్లి పేరేమిటో తెలియక ఆగిపోయాను.

మర్నాడు పార్వతి, "ఒదినా, ఓసారి కంచరపాలెం ఎళ్ళొద్దామా" అంది. మనవరాలు ఫోనులో కారు పిలిచి ఎక్కించింది. కొండకి సిమెంటు మెట్లు వచ్చాయి, పట్టుకోవడానికి ఇనప కమ్మీ కూడా ఉంది. మా ఇల్లున్న చోట మూడంతస్తుల మేడ. పైడమ్మ పోయి చాలా ఏళ్ళయింది గానీ వాళ్ళ ఇల్లు అక్కడే ఉంది. పక్కా ఇల్లు కట్టుకున్నారు. ఆమె కూతురు గౌరి తలుపు తీసింది. జుట్టు నెరిసింది, గొంతు మాత్రం తల్లిదే. మమ్మల్ని కూర్చోబెట్టింది. పార్వతి తన పెళ్ళి సంగతి ఎత్తి, "మీ అమ్మ తెచ్చిన నీళ్ళతోనే నా నలుగు కడిగినారు" అంది.

గౌరి నవ్వింది. "తెల్దేటి నాకు. నాను అప్పుడు పురిటికొచ్చి ఇక్కడే ఉన్నాను. పెద్దది పుట్టి పదోరోజో ఎప్పుడో. పసిగుంటకి ఒళ్ళంతా నూనె రాసి కాళ్ళ మీద ఏసుకు కూకున్నాను, అమ్మ నీళ్ళు కాసి తెత్తాదని. తెత్తాదేటి, ఆ బిందె ఎత్తుకుని మీ ఇంటికి పోనాది. ఇంట్లో ఉన్నదే ఆ ఒక్క బిందె. నాకు ఏడుపొచ్చీసింది. గుంట నూనెతో జారిపోతంది, అమ్మ అటు పోతంది. వొచ్చినాక దెబ్బలాడినాను."

"ఏటంది?" అన్నాను.

"గుంటకి రేపైనా పొయ్యొచ్చే, రేపు కుళాయొత్తాది. పెళ్ళి రేపుండదు కదా, అంది."

గౌరి లోపలికి వెళ్ళి రెండు గ్లాసులతో మంచినీళ్ళు తెచ్చింది. నాకు దాహం లేదు. అయినా గ్లాసు అడుగు కనపడేదాకా తాగి, అప్పుడు కింద పెట్టాను.